ఏజెన్సీ పంచాయతీలో కుక్కల లెక్క: ఒక కార్యదర్శి అనుభవం

పంచాయతీ కార్యదర్శి ఉద్యోగంలో నింపి పంపవలసిన పత్రాలకు అంతుండదు. 2023 నవంబరులో అలా వచ్చిన ఒక పత్రంలో 'పంచాయతీ పరిధిలోని వీధికుక్కల సంఖ్య' అనే గడి కనిపించింది. నేను కుర్చీలోంచి లేవకుండానే అందులో 60 అని రాసి పంపించాను. ఆ తర్వాత గూడెం గూడెం తిరిగి నేనే స్వయంగా లెక్కపెట్టినప్పుడు తేలినదేమిటంటే, మా పంచాయతీలో కుక్కలు 187 ఉన్నాయి. వాటిలో వీధికుక్కలని చెప్పదగినవి మాత్రం పదకొండుకు మించి లేవు. ఈ రెండు అంకెల మధ్య తేడాను అర్థం చేసుకోవడానికి నాకు పట్టిన కాలాన్ని, జరిగిన పొరపాట్లను, నాలాంటి పోస్టింగులో ఉన్నవారికి పనికొస్తుందేమోనన్న ఉద్దేశంతో ఇక్కడ రాస్తున్నాను.

మాది పాడేరు ఏజెన్సీ. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడిన కొద్ది నెలలకు నేను అనకాపల్లి వైపు నుంచి బదిలీపై ఇక్కడికి వచ్చాను. పంచాయతీలో తొమ్మిది గూడేలు ఉన్నాయి. అన్ని కాలాల్లోనూ బైకు వెళ్లగలిగేవి వాటిలో నాలుగే. మిగిలిన వాటికి వానాకాలంలో గెడ్డ (కొండవాగు) దాటి నడవాల్సిందే. కొన్ని గూడేల్లో భగతలు, కొన్నింటిలో కోందులు, పై కొండ మీది చిన్న గూడెంలో పోర్జాలు ఉంటారు. వాళ్ల ఇళ్లముందు కుక్కలు పడుకుని ఉండటం నేను వచ్చిన మొదటి రోజు నుంచీ చూస్తూనే ఉన్నాను. మెడకు పట్టీ లేదు, గొలుసు లేదు, కాబట్టి మైదాన ప్రాంతపు కళ్లతో చూసి అవన్నీ ఊరకుక్కలేనని అనుకున్నాను.

2023 డిసెంబరు 16న ఆశ్రమ పాఠశాలలో నాలుగో తరగతి చదువుతున్న పాపను కుక్క కరిచింది. పిల్లలు భోజనం చేసి కంచాలు కడుక్కునే చోట, వెనక గోడ పక్కన, ఒక ఆడకుక్క ఈని ఉంది. పాప కంచంలో మిగిలిన అన్నాన్ని కుక్కపిల్లల ముందు పెట్టబోతే తల్లి పిక్క పట్టుకుంది. కుళాయి మరమ్మతు చూడటానికి అదే సమయానికి నేను అక్కడికి వెళ్లాను. అప్పటికే వంటగదిలో ఎవరో గాయానికి పసుపు, కాఫీపొడి కలిపి దట్టంగా అద్దేశారు. నేను కూడా అది మంచి పనేనని అనుకున్నాను. పది నిమిషాల్లో వచ్చిన ఏఎన్ఎం మాత్రం చూడగానే మా అందరి మీదా కేకలేసి, ఆ పొడినంతా తీయించి, పాపను కుళాయి కింద కూర్చోబెట్టి, బట్టల సబ్బుతో గాయాన్ని కడగడం మొదలుపెట్టింది. గోడ గడియారం వైపు చూస్తూ సరిగ్గా పదిహేను నిమిషాలు కడిగింది. పాప ఏడుస్తుంటే, 'ఇంక చాలమ్మా' అని నేనన్నాను. 'పావుగంట అంటే పావుగంటే సార్, మందు కంటే ముందు ఇదే పని చేస్తుంది' అని ఆమె నీళ్లు పోస్తూనే ఉంది.

రక్తం వచ్చేలా పన్ను దిగింది కాబట్టి దాన్ని మూడో తరగతి గాయంగా లెక్కిస్తారని, టీకా ఒక్కటే సరిపోదని, గాయం లోపలా చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే యాంటీబాడీల మందు) కూడా ఎక్కించాలని ఆమె చెప్పింది. మా పీహెచ్‌సీలో టీకా ఉంది గాని ఇమ్యునోగ్లోబ్యులిన్ లేదు. దానికోసం ఘాట్ రోడ్డు మీద జీపులో పెద్దాసుపత్రికి వెళ్లాం. అక్కడ గాయం దగ్గర ఆ ఇంజెక్షను చేసి, రెండు భుజాలకూ చర్మంలోకి 0.1 మిల్లీలీటరు చొప్పున టీకా వేశారు. మళ్లీ 3, 7, 28 రోజులకు రమ్మని చీటీ రాసిచ్చారు. కబురందుకుని కొండ దిగివచ్చిన పాప తండ్రి నన్ను పక్కకు పిలిచి, 'బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడుస్తారంట గదా బాబూ, పిల్ల తట్టుకోలేదు, మా దిసారి దగ్గర మందుంది, తీసుకుపోతాను' అన్నాడు. దిసారి అంటే గూడేల్లో ముహూర్తాలు పెట్టి, నాటుమందులు ఇచ్చే పెద్ద. ఆ పద్నాలుగు సూదుల టీకా మన దేశంలో వాడకం ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటినా, దాని భయం మాత్రం కొండల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. భుజం మీది చిన్న బుడిపెను చూపించి, అంతే సూది అని చెబితే గాని ఆయన స్థిమితపడలేదు.

మూడో రోజు, ఏడో రోజు టీకాలు సక్రమంగా పడ్డాయి. ఇరవై ఎనిమిదో రోజు జనవరి 13న వచ్చింది. అది భోగికి ముందు రోజు. సంక్రాంతి సెలవులకు పాప గూడేనికి వెళ్లిపోయింది. ఏఎన్ఎం చీటీ చూసి నాకు ఫోను చేసింది. బైకు వెళ్లినంత దూరం వెళ్లి, అక్కడి నుంచి గంటన్నర నడిచి, పాపనూ తండ్రినీ వెంటబెట్టుకుని సాయంత్రానికి పీహెచ్‌సీ చేరుకున్నాను. రేబిస్ లక్షణాలు కనిపించాక దాదాపు ఎవరూ బతకరని, అందువల్ల ఆ నాలుగు తేదీల్లో ఒక్కటి కూడా పండగకోసం వాయిదా వేయకూడదని ఆ నడకలో పాప తండ్రికి చెబుతూ వచ్చాను. అప్పటికి ఆ మాటలు నాకూ కొత్తగా తెలిసినవే.

కరిచిన కుక్క సంగతి వేరే నడిచింది. కరిచిన రోజే దాన్ని కొట్టి చంపుతామని కొందరు కుర్రాళ్లు కర్రలతో వచ్చారు. పది రోజులపాటు దాన్ని కళ్లముందు ఉంచుకోవాలని, ఆ పది రోజులూ ఆరోగ్యంగా ఉంటే కరిచిన నాటికి దాని లాలాజలంలో రోగం లేనట్లేనని, చంపేస్తే ఆ ఆధారం కూడా పోతుందని పశువైద్యుడు ఫోనులో చెప్పారు. కుక్క బాగానే ఉంది గదా అని పాప టీకాలు ఆపడానికి మాత్రం వీల్లేదన్నారు. వంటమనిషి ఆ ఆడకుక్కను కట్టెల పాకలో ఉంచి గంజి పోస్తూ వచ్చింది. అది బతికే ఉంది.

2024 జనవరి 26న గ్రామసభ జరిగింది. ఇది రాజ్యాంగం అయిదో షెడ్యూలు కిందకు వచ్చే గిరిజన ప్రాంతం కాబట్టి, 1996 నాటి పెసా చట్టం ప్రకారం ఇక్కడ గ్రామసభ మాటకు మైదానంలో లేని బరువుంటుంది. కుక్కల విషయం రాగానే ఒక వార్డు సభ్యుడు లేచి, ఎండుచేపల్లో మందు కలిపి పెడితే రెండు రోజుల్లో పీడ విరగడవుతుందని, ఖర్చు కూడా రెండు వేలు దాటదని అన్నాడు. చాలామంది తలలూపారు. నేను 1960 నాటి జంతుహింస నిరోధక చట్టాన్ని, 2023 మార్చిలో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాలను చదివి వినిపించాను. కుక్కలను చంపకూడదు, ఊరు దాటించి వదలకూడదు, పట్టుకుని, పిల్లలు పుట్టకుండా కు.ని. ఆపరేషను చేయించి, రేబిస్ టీకా వేయించి, పట్టిన చోటే మళ్లీ వదలాలి; ఆ బాధ్యత స్థానిక సంస్థది, అంటే మనదే అని చెప్పాను. సభలో ఒక్కరు కూడా కదల్లేదు. చట్టం చదవడం మొదలుపెట్టగానే సభ నిద్రలోకి జారుకోవడం నేను ఎరగనిది కాదు.

సభను మార్చింది నేను కాదు, పై గూడెం నాయుడు, అంటే ఆ గూడెం పెద్ద. ఆయన అప్పటిదాకా చుట్ట కాల్చుకుంటూ ఒక మూల కూర్చున్నారు. 'మందు పెడతానంటున్నావు, మరి ఎవరి కుక్కకు పెడతావు?' అని ఆ వార్డు సభ్యుణ్ణి అడిగారు. 'ఊరికుక్కలకు' అని అతనన్నాడు. 'ఊరికుక్క ఏది? పేరు చెప్పు' అన్నారు నాయుడు. అతను చెప్పలేకపోయాడు. మందు తిన్న కుక్క గెడ్డకు పోయి నీళ్లు తాగి అక్కడే చస్తుందని, ఆ గెడ్డ నీళ్లే కింది మూడు గూడేలు తాగుతున్నాయని ఆయన మరో మాట అన్నారు. అక్కడితో మందు సంగతి ముగిసింది. 'కుక్కలను ఇంటింటికీ లెక్కించి టీకాలు వేయించాలి' అని నేను తీర్మానం రాసుకున్నాను.

నాయుడు అడిగిన ప్రశ్న నాకు అసలు అర్థమైంది లెక్కకు వెళ్లాకనే. ఊళ్లో కబుర్లు చేరవేసే బారికి, మేం వెళ్లే ముందు రోజు రాత్రి చాటింపు వేసేవాడు. నేను, పశుసంవర్ధక సహాయకుడు, ఆశా కార్యకర్త తెల్లవారకముందే గూడెం చేరేవాళ్లం. తెల్లవారితే మనుషులతోపాటు కుక్కలు కూడా కొండెక్కేస్తాయని మొదటి గూడెంలో ఉత్త చేతులతో తిరిగివచ్చాకే తెలిసింది. మార్చి నెలలో చింతపండు, అడ్డాకుల పని ఉంటుంది. ఉదయం ఏడు దాటితే ఇళ్లలో ముసలివాళ్లు, కోళ్లు తప్ప ఎవరూ ఉండరు. నేను రిజిస్టరులో 'యజమాని గల కుక్కలు', 'యజమాని లేని కుక్కలు' అని రెండు గడులు గీసుకుని వెళ్లాను. రెండో గడి దాదాపు ఖాళీగానే మిగిలింది. పొయ్యి పక్కన వెచ్చటి బూడిదలో ముడుచుకుని పడుకున్న కుక్కను చూపించి 'ఇది ఎవరిది?' అని నేనడిగితే, ఇదేం ప్రశ్న అన్నట్టు ఆ ఇంటి ఆడవాళ్లు నావైపు చూసేవారు. కొన్ని కుక్కలకు రెండిళ్లున్నాయి: పగలు అన్నగారింట్లో అంబలి, రాత్రి తమ్ముడింటి అరుగు. అయినా ఇల్లు లేని కుక్క మాత్రం లేదు.

మైదానంలో మనం కుక్కను పెంపుడు కుక్క, వీధికుక్క అని రెండుగా విడదీస్తాం. నియమాలు కూడా అలాగే విడదీశాయి: పెంపుడు జంతువుకు యజమాని బాధ్యుడు, వీధి జంతువుకు స్థానిక సంస్థ బాధ్యత వహించాలి. మా గూడేల్లోని కుక్క ఈ రెంటిలోనూ ఇమడదు. దాన్ని ఎవరూ కట్టెయ్యరు, ఎవరూ కొనలేదు, లైసెన్సు మాటే లేదు. అయినా చోడి (రాగి) చేల మీదికి అడవిపంది వస్తే అరిచేది అదే, రాత్రి చిరుతపులి నోట పడేది కూడా అదే. చైత్రమాసంలో ఇటుకల పండగ వస్తే మగవాళ్లు విల్లంబులతో అడవికి వెళతారు, ముందు నడిచేది కుక్కలే. (వన్యప్రాణుల వేట 1972 చట్టం ప్రకారం నేరమన్నది నాకు తెలుసు. ఆ విషయం అటవీ శాఖవారు చూసుకుంటారు. నేను వెళ్లింది కుక్కల కోసం.)

అందువల్ల వలలు, పట్టే మనుషులు, బోను బండి అంటూ నేను తయారు చేసుకున్న అంచనా పత్రం మొత్తం వృథా అయింది. ఇంటివాళ్లను అడిగితే వాళ్లే పట్టి ఇచ్చే కుక్కను వల వేసి పట్టడమెందుకు? ఈ చిన్న సంగతి బోధపడటానికి నాకు మూడు నెలలు పట్టింది.

టీకాల పని 2024 మార్చి చివరిలో, ఇటుకల పండగకు ముందే ముగించాలని నిర్ణయించాం. తేదీలను దిసారితో పెట్టించాం. ఆయన రెండు రోజులు కాదన్నారు, మిగతావి ఒప్పుకున్నారు. పాప తండ్రి చెప్పిన దిసారి కూడా ఆయనే. కుక్కలను ముట్టుకోబోయే మేమంతా ముందుగానే 0, 7, 21 రోజుల్లో మా టీకాలు వేయించుకున్నాం. కుక్కల టీకా సీసా ఒక్కొక్కటి పది మోతాదులది, కుక్కకు ఒక మిల్లీలీటరు చొప్పున వేయాలి. మందును 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉంచాలి. సీసా మూత గుచ్చాక దాన్ని మర్నాటికి దాచుకునే వీల్లేదు. అంటే నాలుగిళ్ల గూడేనికి ఒక సీసా తెరిస్తే సగం మందు నేలపాలే. అందుకని చిన్న గూడేల వాళ్లను పక్క గూడేనికి కుక్కలతో రమ్మన్నాం. పిల్లల టీకాలకు వాడే ఐస్ పెట్టెలాంటిదే ఒకటి భుజాన వేసుకుని, పశుసంవర్ధక సహాయకుడు ముందు నడిచేవాడు. ఎండ పెరిగేకొద్దీ ఎవరూ దాని మూత తెరవకుండా కాపలా కాయడం నా పని.

కుక్కను పట్టే విద్య మాకు పిల్లలు నేర్పారు. మొదటి రోజు ఒక మగాయన తన కుక్క మెడను గట్టిగా అదిమితే అది గింజుకుని ఆయన చేతినే గీరింది. ఆయనకూ సబ్బు, నీళ్లు, టీకా తప్పలేదు. ఆ తర్వాత ఎనిమిదేళ్ల కుర్రాడొకడు తన కుక్కను మేకపిల్లను మోసినట్టు మెడ మీద వేసుకుని, ముందుకాళ్లు ఒక చేత్తో, వెనక కాళ్లు ఒక చేత్తో పట్టుకుని వచ్చాడు. కింద దించి, దాని తలను తన చంకలో దూర్చుకుని, కళ్లు అరచేత్తో మూసి, చెవిలో ఏదో ఒడియా మాట చెబుతూ కూర్చున్నాడు. సహాయకుడు వెనకనుంచి చర్మాన్ని పైకి లాగి సూది గుచ్చి తీసేదాకా కుక్క తోక తప్ప ఏదీ కదల్లేదు. ఆ క్షణం నుంచి మేము పెద్దవాళ్లను వరుసలోంచి తప్పించి, బడి లేని పూట చూసుకుని పిల్లలనే పిలిచాం. ముఖం తెలియని వాళ్లు దగ్గరకు వస్తే కుక్క మూతికి నూలుగుడ్డ పేలికను ఒక చుట్టు చుట్టి చెవుల వెనక ముడి వేసేవాళ్లం.

టీకా వేసిన కుక్కను గుర్తించేందుకు నేను విశాఖపట్నం నుంచి నైలాను పట్టీలు తెప్పించాను. వాటిని చూడగానే నాయుడు తల అడ్డంగా ఊపారు. పొదల్లో పట్టీ తగులుకుంటే కుక్క అక్కడే ఉరిపడి చస్తుందని, చిరుతకు కట్టేసి పెట్టినట్టవుతుందని అన్నారు. పాత చీరల పేలికలు కట్టమన్నారు. కొమ్మకు తగులుకుంటే చిరిగిపోతాయి, కుక్క బతుకుతుంది. ఎర్ర పేలిక కట్టినవి టీకా పడినవని లెక్క పెట్టుకున్నాం. రెండు వారాల్లో సగం పేలికలు ఊడిపోయాయి గాని, అప్పటికి రిజిస్టరులో ఇంటిపేరుతో సహా ఎక్కించేశాం. వందలో డెబ్బయి కుక్కలకు టీకా పడితే ఆ ప్రాంతంలో రేబిస్ గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మొదటి విడతలో 187లో 139 కుక్కలకు వేయగలిగాం. వాన వచ్చి పై గూడెం దారి మూసుకుపోకుండా ఉంటే మరికొన్ని పడేవి.

టీకా వరకు నడిచినంత సాఫీగా కు.ని. ఆపరేషన్లు నడవలేదు. పాఠశాలలో ఖాళీ గది ఉంది, డాక్టరును పిలిపిస్తే ఒక్క రోజు శిబిరంతో అయిపోతుందని నేను అనుకున్నాను. నియమాలు చదివితే, జంతు సంక్షేమ మండలి గుర్తింపు ఉన్న సంస్థ చేయాలి, ఆపరేషను గది, ఆ తర్వాత కుక్కలను విడివిడిగా ఉంచే గదులు, రికార్డులు, పర్యవేక్షణ సంఘం ఉండాలి. 6 నెలల లోపు పిల్లలకూ, పాలిస్తున్న తల్లులకూ చేయకూడదు. ఇవన్నీ అవసరమే, వాటిని తప్పుపట్టను. కొండ మీది పంచాయతీకి ఇవన్నీ ఎవరు కట్టి ఇస్తారన్నదే నా ప్రశ్న. నేను రాసిన మొదటి ఉత్తరానికి జవాబు రాలేదు, రెండోదాన్ని మరో కార్యాలయానికి బదిలీ చేశామని రాశారు, ఆ మరో కార్యాలయం మొదటి కార్యాలయానికే పంపింది. ఇలా ఎనిమిది నెలలు గడిచాయి. చివరికి మైదానంలోని ఒక కేంద్రం, విడతకు పన్నెండు చొప్పున, పంచాయతీ సొంత ఖర్చుతో తీసుకొస్తే చేస్తామంది.

దానికి గూడేల్లో ఒప్పించడం మరో పెద్ద పని. మగకుక్కకు ఆపరేషను చేస్తే వేటకు వెళ్లదని, పందిని చూసి తోక ముడుస్తుందని అందరూ బలంగా నమ్ముతున్నారు. నేను వాదించలేదు. పిల్లలను కనేది ఆడకుక్క కాబట్టి ముందు వాటికే చేయిద్దాం, వేటకుక్కలకు టీకా చాలు అన్నాను. ఇంకో భయం, వ్యాను ఎక్కిన కుక్క తిరిగి రాదని. సంతలో అలాంటి మాటలు చాలా పుట్టాయి. అందుకని ప్రతి విడతకూ గూడెం నుంచి ఒక కుర్రాడు వ్యానులో వెళ్లి, కోలుకునేదాకా అక్కడే ఉండి, కుక్కలతోపాటు తిరిగిరావాలని నాయుడు షరతు పెట్టారు. ఆ కుర్రాడి కూలి కూడా పంచాయతీయే ఇచ్చింది. ఆడిట్లో ఈ పద్దు మీద అభ్యంతరం రాసి, 'కుక్కల సహాయకుడు అనగా ఎవరు?' అని అడిగారు. ఆ జవాబు రాయడానికి నాకు ఒక పేజీ పట్టింది.

2024 డిసెంబరు, 2025 ఫిబ్రవరి మధ్య మూడు విడతలుగా 34 ఆడకుక్కలు వెళ్లాయి. 33 చెవి కొన కత్తిరించిన గుర్తుతో తిరిగివచ్చి, బండి దిగగానే ఎవరిళ్లకు అవి పరుగెత్తాయి. ఒకటి చనిపోయింది. ఆపరేషను జరిగిన మూడో రోజున కుట్ల దగ్గర చీము పట్టిందని, ఎంత చేసినా నిలవలేదని కుర్రాడు ఫోనులో చెప్పాడు. ఎక్కడ ఏ పొరపాటు జరిగిందో నాకు ఎవరూ కాగితం మీద రాసి ఇవ్వలేదు.

అది ఒంటరిగా ఉండే ఒక ముసలామె కుక్క. చెప్పడానికి నేనే వెళ్లాను. ఆమె ఏమీ అనలేదు, లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. అరుగు మీద కుక్క పడుకునే చోట గోనెసంచి అలాగే ఉంది. మర్నాడు నాయుడు కబురు పంపితే వెళ్లాను. అయిదుగురు పెద్దలు కూర్చుని ఉన్నారు. 'తప్పు నీదని అనం బాబూ, కానీ నువ్వు అడిగితేనే ఆమె ఇచ్చింది. ఆ గడపకు కుక్క కావాలి' అన్నారు. డబ్బు ఇస్తానన్నాను. డబ్బు అరుస్తుందా అని ఒక పెద్దాయన అడిగితే అందరూ నవ్వారు, నేను కూడా నవ్వకుండా ఉండలేకపోయాను. కుక్కకు కుక్క ఇవ్వాలని తేల్చారు. ఆడపిల్లే కావాలని, తెల్లటి గోళ్లున్నది పనికిరాదని ముసలామె మెల్లగా చెప్పింది. రెండు సంతలు తిరిగి, చివరికి పక్క పంచాయతీలో ఒక ఇంట్లో నల్ల గోళ్ల ఆడపిల్లను సంపాదించాను. దాన్ని చేతిసంచిలో వేసి, తల బయటకు ఉంచి, బైకు హాండిలుకు తగిలించుకుని తెచ్చాను. దారంతా అది నా మోచేతిని నాకుతూనే ఉంది.

పాఠశాల దగ్గర కుక్కలు చేరడానికి కారణం మాత్రం కుక్కల్లో లేదు. మూడు వందల మంది పిల్లల కంచాల్లో మిగిలే అన్నం రోజూ వెనక గోడ దగ్గర పడుతుంటే అక్కడ కుక్కలు ఈనకుండా ఎలా ఉంటాయి? దాన్ని మూతలున్న డ్రమ్ముల్లో పోయించి, పందులు పెంచే రెండు కుటుంబాలు రోజు మార్చి రోజు తీసుకుపోయేలా ఏర్పాటు చేశాం. గోడ కింద కన్నాన్ని రాళ్లతో మూయించాం. ఖర్చు నాలుగు వేలు కూడా కాలేదు. రెండు నెలల్లో అక్కడి కుక్కలు తొమ్మిది నుంచి రెండుకు తగ్గాయి, ఆ రెండూ వంటమనిషివి. ఈ పనిని మొదటే చేయవలసింది.

నేను చెప్పిన పదకొండు వీధికుక్కలు ఘాట్ రోడ్డు మలుపులో ఉంటాయి. చలికాలంలో వంజంగి, లంబసింగి మంచు చూడటానికి వచ్చే బళ్లు ఆ దారిన ఆగుతాయి, బొంగు చికెన్ దుకాణాలు వెలుస్తాయి, ఎముకలు లోయలోకి విసురుతారు. ఆ కుక్కల పోలిక గూడెం కుక్కల్లా లేదు; కొన్నింటి మెడలకు పాత పట్టీల చారలున్నాయి, ఎవరో బండిలో తెచ్చి వదిలినట్టే ఉన్నాయి. వాటికి ఇల్లు లేదు, పట్టి ఇచ్చే పిల్లలు లేరు. రెండో విడతలో, 2025 మార్చిలో, వాటిలో నాలుగింటికి మాత్రమే టీకా వేయగలిగాం. అది కూడా ఒక దుకాణదారుడు ఎముకలు చూపించి దగ్గరకు రప్పించడం వల్ల. దుకాణాల వాళ్లకు చెత్తడబ్బాలు పెట్టమని నోటీసులు ఇచ్చాను. పర్యాటకుల కాలం అయిపోగానే దుకాణాలే ఉండవు, ఇక డబ్బాలెక్కడివి? ఈ భాగంలో నేను ఓడిపోయానని ఒప్పుకోవడమే సరైనది.

2025 నవంబరు 7న సుప్రీంకోర్టు, పాఠశాలలు, ఆసుపత్రులు, బస్టాండ్లు మొదలైన చోట్ల నుంచి వీధికుక్కలను తొలగించి ఆశ్రయ కేంద్రాలకు తరలించాలని, వాటిని తిరిగి అదే చోట వదలకూడదని ఆదేశించింది. వెంటనే నాకు కొత్త పత్రం వచ్చింది: 'విద్యాసంస్థల ఆవరణలో వీధికుక్కల సంఖ్య'. ఈసారి కుర్చీలోంచి లేచి వెళ్లి చూసి వచ్చాను. వంటమనిషి కుక్కలు రెండూ గేటు బయట కూర్చుని ఉన్నాయి, రెండింటికీ టీకా పడింది, ఒకదాని చెవి కత్తిరించి ఉంది. గడిలో సున్నా రాసి, కింద 'యజమాని గల కుక్కలు: 2' అని చేత్తో మరో గీత గీసి పంపించాను. దానికోసం ఆ పత్రంలో గడి లేదు.

మూడో విడత టీకాలకు రిజిస్టరు మళ్లీ రాస్తున్నాను. ముసలామె ఇంటి వరుసలో 'ఆడది ఒకటి, నలుపు, టీకా రెండో ఏడు' అని రాశాను. ఆపరేషను గడి దగ్గరకు వచ్చేసరికి ఆమెను అడిగాను. ఆమె అరుగు మీది గోనెసంచి వైపు, దాని మీద పడుకున్న కుక్క వైపు చూసి, 'దీన్ని వదిలెయ్యి బాబూ' అంది. ఆ గడిని ఖాళీగా ఉంచాను.